చదవడం నేర్పే గురువులేరీ?

* పఠన బోధనకు ప్రత్యేక అర్హత లేదు.. పోస్టూ లేదు
* టెట్‌లో తెలుగు బోధనా పద్ధతులకు దక్కేది ఆరు మార్కులే
* పశ్చిమ మండలాల చిన్నారులకు నిపుణులైన ఉపాధ్యాయుల అవసరం

కర్నూలు (విద్యావిభాగం), ప్రత్యేక ప్రతినిధి: మెగా డీఎస్సీ-2025లో రాష్ట్రవ్యాప్తంగా 16,347 ఉపాధ్యాయ పోస్టులకు ప్రకటన వెలువడగా, ఒక్క ఉమ్మడి కర్నూలు జిల్లాకే 2,645 పోస్టులు దక్కాయి. రాష్ట్రంలో మరే జిల్లాకూ ఇన్ని రాలేదు. ఆ ఏడాది సెప్టెంబరులో కొత్త గురువులు నియామక పత్రాలు అందుకున్నారు. ఏళ్ల తరబడి ఏకోపాధ్యాయ పాఠశాలలతో నెట్టుకొచ్చిన పశ్చిమ మండలాలకు ఇది ఊరట కలిగించే పరిణామమే. అయితే ఖాళీలు భర్తీ అయినంత మాత్రాన తరగతి గదిలో పిల్లవాడు పుస్తకం చదవగలుగుతాడా అన్నది వేరే ప్రశ్న. మూడో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే చిన్నారిని గాడిన పెట్టడం ఎలాగో శాస్త్రీయంగా నేర్చుకున్న ఉపాధ్యాయుడు ప్రతి మండలానికి ఒక్కరైనా ఉన్నారా అంటే సమాధానం దొరకదు. అలాంటి అర్హత మన విద్యావ్యవస్థలో లేకపోవడమే ఇందుకు కారణం. గణితానికి, సాంఘిక శాస్త్రానికి, వ్యాయామానికి, చిత్రలేఖనానికి విడివిడిగా శిక్షణలు, పోస్టులు ఉన్నాయి. అన్ని చదువులకూ తల్లివేరైన 'చదవడం' అనే విద్యకు మాత్రం ప్రత్యేక పట్టా లేదు, పదవీ లేదు.

అంకెలు చెబుతున్న నిజం

జాతీయ విద్యావిధానం-2020 ఈ లోటును దాచిపెట్టలేదు. దేశంలో ప్రాథమిక, ప్రాథమికోన్నత తరగతుల్లో ఉన్న పిల్లల్లో 5 కోట్ల మందికి పైగా కనీస పఠనం, లెక్కలు అబ్బలేదని ఆ పత్రమే అంచనా వేసింది. ఆ దరిమిలా కేంద్రం 2021 జులై 5న 'నిపుణ్ భారత్' కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2026-27 నాటికి మూడో తరగతి పూర్తిచేసే ప్రతి విద్యార్థీ అర్థవంతంగా చదవగలగాలన్నది దాని లక్ష్యం. నిమిషానికి కనీసం 60 పదాలను తడబడకుండా, భావం గ్రహిస్తూ చదవడాన్ని మూడో తరగతికి గీటురాయిగా నిర్ణయించారు.

గ్రామీణ ప్రాంతాల్లో 'అసర్' సర్వే వెల్లడించిన వివరాలు గమనిస్తే ఆ గీటురాయి ఎంత దూరంలో ఉందో తెలుస్తుంది. దేశవ్యాప్తంగా ప్రభుత్వ పాఠశాలల్లో మూడో తరగతి చదువుతూ రెండో తరగతి పాఠాన్ని చదవగలిగినవారు 2018లో 20.9 శాతం. కరోనా దెబ్బతో 2022 నాటికి అది 16.3 శాతానికి పడిపోయింది. 2024లో 23.4 శాతానికి కోలుకుంది. ఐదో తరగతిలో ఇదే పరీక్షలో నెగ్గినవారు 2018లో 44.2 శాతం కాగా, 2022లో 38.5, 2024లో 44.8 శాతం. కోలుకోవడం మంచి సూచనే. కానీ ప్రాథమిక విద్య ముగించుకుని ఉన్నత పాఠశాల గడప తొక్కే పిల్లల్లో సగానికి పైగా రెండో తరగతి పుస్తకం దగ్గరే ఆగిపోయారన్నది మరువరాదు. ఆరో తరగతిలో సామాన్య శాస్త్రం, సాంఘిక శాస్త్రం పాఠాలు వారికి పరాయి భాషలో రాసినట్టే ఉంటాయి. బడి మానేయాలన్న ఆలోచనకు బీజం పడేది అక్కడే.

ఉమ్మడి కర్నూలు జిల్లాకు ఈ సమస్య మరింత బరువైనది. 2011 జనగణన ప్రకారం జిల్లా అక్షరాస్యత సుమారు 60 శాతం. ఉమ్మడి రాష్ట్ర సగటు 67 శాతం కంటే ఇది బాగా తక్కువ. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, హొళగుంద వంటి మండలాల నుంచి ఏటా వేల కుటుంబాలు పత్తి, మిరప కోతల కోసం గుంటూరు ప్రాంతానికి, తెలంగాణ జిల్లాలకు 'సుగ్గి'కి తరలిపోతాయి. తల్లిదండ్రుల వెంట వెళ్లిన పిల్లలు నెలల తర్వాత తిరిగి వచ్చేసరికి తరగతి గుణింతాలు దాటి ఒత్తులకు, ఒత్తులు దాటి కథలకు చేరుకుంటుంది. సీజనల్ హాస్టళ్లు పిల్లలకు తిండి, నీడ కల్పిస్తాయి. కానీ మధ్యలో తెగిన పఠనాన్ని ఎక్కడ నుంచి అతకాలో నిర్ధారించడానికి ప్రత్యేక నైపుణ్యం కావాలి. దీనికితోడు సరిహద్దు గ్రామాల్లో ఇంట్లో కన్నడం మాట్లాడే పిల్లలు, ఆదోని, కర్నూలు పట్టణాల్లో ఉర్దూ మాట్లాడే పిల్లలు, తండాల్లో లంబాడీ మాట్లాడే పిల్లలు ఒకే తెలుగు వాచకం ముందు కూర్చుంటారు. అందరికీ ఒకే పాఠం, ఒకే వేగం అన్న విధానం ఇక్కడ పనిచేయదు.

తెలుగు చదువు తేలికేం కాదు

తెలుగు ధ్వనిని బట్టి రాసే లిపి కనుక అక్షరాలు వస్తే చదువు వచ్చినట్టేనన్న అభిప్రాయం సమాజంలో బలంగా ఉంది. ఉపాధ్యాయ శిక్షణ కూడా చాలాకాలం ఈ నమ్మకంతోనే సాగింది. ఇందులో సగమే నిజం. ఆంగ్లంలో 26 అక్షరాలు నేర్చి, వాటి ఉచ్చారణలోని వంకరలతో ఏళ్ల తరబడి కుస్తీ పట్టాలి. తెలుగులో ఉచ్చారణ వంకరలు తక్కువ, కానీ నేర్చుకోవలసిన రూపాల సంఖ్య ఎక్కువ. అచ్చులు, హల్లులు ముగిశాక గుణింతాలు మొదలవుతాయి. అవి నాలుగు వందలకు పైగా ఉంటాయి. ఆ తర్వాత ద్విత్వాలు, సంయుక్తాలు వస్తాయి.

ప, ఫ, ష, వ, మ, య వంటి అక్షరాల మధ్య భేదం చిన్న గీతలో, కొమ్ములో, తలకట్టులో ఉంటుంది. ద, ధ, థ లను విడదీసేది ఒక చుక్క లేదా చిన్న గీత. 'అమ్మ'లో ఒత్తు కింద ఉంటుంది. 'విద్య'లో యకారపు ఒత్తు పక్కకు సాగుతుంది. 'క్రమం'లో రకారపు ఒత్తు కకారాన్ని ఎడమ నుంచి చుట్టుకుంటుంది. కంటికి ముందు కనిపించేది ర, నోటితో ముందు పలకవలసింది క. ఇక సున్న ఒక్కటే అయినా 'కంప'లో మకారంగా, 'కంద'లో నకారంగా పలుకుతుంది. పెద్దలకు ఇవన్నీ అలవాటైపోయి కనిపించవు. ఆరేళ్ల పిల్లవాడికి ప్రతి ఒక్కటీ ఒక మెట్టు. ఏ మెట్టు దగ్గర పిల్లవాడు జారుతున్నాడో గుర్తించలేని ఉపాధ్యాయుడు 'మళ్లీ చదువు' అనడం తప్ప మరేమీ చేయలేడు.

అక్షరమాల ఆధారిత లిపులపై జరిగిన పరిశోధన కూడా ఇదే చెబుతోంది. కన్నడ పిల్లలపై అధ్యయనం చేసిన సోనాలి నాగ్ 2007లో ప్రచురించిన పరిశోధనలో, అక్షరాలన్నింటిపై పట్టు సాధించడానికి పిల్లలకు ఒకటి రెండేళ్లు చాలవని, ప్రాథమిక తరగతుల పొడవునా ఆ ప్రక్రియ సాగుతుందని తేల్చారు. తెలుగు, కన్నడ లిపులు తోబుట్టువుల వంటివి కనుక ఈ ఫలితం మనకూ వర్తిస్తుంది. కర్నూలుకు తుంగభద్ర ఆవల రాయచూరు, దానికి ఆవల యాదగిరి జిల్లా. ఆ యాదగిరిలోనూ, మహారాష్ట్రలోని వాడా ప్రాంతంలోనూ ప్రాథమిక తరగతుల పిల్లలను వరసగా కొన్నేళ్లపాటు గమనించిన 'లిరిల్' అధ్యయనం 2017లో తన నివేదిక వెలువరించింది. అక్షరాలన్నింటినీ ఒకేసారి కుమ్మరించే పాఠ్యక్రమం, అర్థంతో సంబంధం లేని వల్లెవేత, పిల్లల మాటకు చోటులేని తరగతి గది కలిసి పఠనాన్ని కుంటుపరుస్తున్నాయని అది ఎత్తిచూపింది. వలసలు, పేదరికం, కన్నడ యాస కలగలిసిన మన పశ్చిమ మండలాలకు యాదగిరి చేసిన హెచ్చరిక దూరపు వార్త కాదు.

శిక్షణలో చోటెక్కడ?

ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడు కావాలంటే రెండేళ్ల డీఎల్‌ఈడీ చదవాలి. ఉమ్మడి జిల్లాలో ఇందుకు పెద్దదిక్కు బి.తాండ్రపాడులోని జిల్లా విద్యా శిక్షణ సంస్థ. 1986 జాతీయ విద్యావిధానం ఫలితంగా దేశమంతటా ఏర్పడిన డైట్‌లలో ఇదొకటి. డీఎల్‌ఈడీలో మాతృభాషా బోధన ఒక సబ్జెక్టుగా ఉంది. అయితే పద్యం, గద్యం, వ్యాకరణం, పాఠ్యపథకం, మూల్యాంకనం అన్నీ అందులోనే ఇమడాలి. తొలి పఠనానికి మిగిలేది ఒకటి రెండు అధ్యాయాలే.

బీఈడీ పరిస్థితి మరీ విచిత్రం. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి కోర్సును రెండేళ్లకు పెంచి, పాఠ్యప్రణాళికలో 'పాఠ్యాలను చదవడం, వాటిపై ఆలోచించడం' అనే అంశాన్ని చేర్చింది. పేరు చూసి పఠన బోధన వచ్చేసిందని భ్రమపడినవారున్నారు. నిజానికి అది ఛాత్రోపాధ్యాయుడు తాను చదవడాన్ని మెరుగుపరచుకునేందుకు ఉద్దేశించింది. పిల్లలకు చదవడం నేర్పే విద్య అందులో లేదు. తెలుగు పండిత శిక్షణ మరో దారి. అది ఉన్నత పాఠశాలలో సాహిత్యం, వ్యాకరణం బోధించేవారిని తయారుచేస్తుంది. ఛందస్సు చెప్పగల పండితుడికి గుణింతం దగ్గర తడబడే ఏడేళ్ల పాప సమస్య ఆ శిక్షణలో ఎదురు కాదు. ఎంఈడీ స్థాయిలోనూ విద్యా పరిపాలన, మనస్తత్వశాస్త్రం, మూల్యాంకనం వంటివే ప్రధానం.

పరీక్షలూ ఇదే దారిలో ఉన్నాయి. మన రాష్ట్ర టెట్ మొదటి పేపరుకు 150 మార్కులు. ప్రథమ భాషకు 30 కేటాయించారు. అందులో 24 భాషా విషయానికి, 6 మాత్రమే బోధనా పద్ధతులకు దక్కుతున్నాయి. పఠన బోధన ఆ ఆరులో ఒక భాగం మాత్రమే. దానిపై ఒక్క ప్రశ్నకూ సరైన సమాధానం రాయకుండానే అభ్యర్థి ఒకటో తరగతి గురువు కావచ్చు. శిక్షణ కేంద్రాలు పరీక్షలో వచ్చేదే బోధిస్తాయి. అభ్యర్థులూ దాన్నే చదువుతారు. తప్పు వారిది కాదు.

న్యాయస్థానం చెప్పిన మాట

చిన్న తరగతుల బోధన ప్రత్యేక విద్య అని సర్వోన్నత న్యాయస్థానమే గుర్తించింది. బీఈడీ చేసినవారు కూడా ప్రాథమిక ఉపాధ్యాయ పోస్టులకు అర్హులేనంటూ జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2018 జూన్ 28న ఇచ్చిన నోటిఫికేషన్‌ను రాజస్థాన్ హైకోర్టు 2021లో కొట్టివేసింది. 2023 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఆ తీర్పును సమర్థించింది. ప్రాథమిక తరగతుల పిల్లలకు బోధించే నైపుణ్యం బీఈడీలో లభించదని, దాన్ని అనుమతించడం నాణ్యమైన విద్యాహక్కుకు విరుద్ధమని తేల్చింది. డీఎల్‌ఈడీ అభ్యర్థులు దీన్ని తమ విజయంగా భావించారు. బీఈడీ అభ్యర్థులు అవకాశం చేజారిందని వాపోయారు. ఉద్యోగాల కోణంలోనే చర్చంతా సాగింది. తీర్పులోని అసలు అంతరార్థం మరుగున పడింది. చిన్న తరగతుల బోధనకు ప్రత్యేక నైపుణ్యం కావాలని న్యాయస్థానం అంటే, ఆ నైపుణ్యం డీఎల్‌ఈడీలోనైనా పూర్తిగా అందుతోందా అని ఎవరూ అడగలేదు.

2025 సెప్టెంబరు 1న వెలువడిన మరో తీర్పు సర్వీసులో ఉన్న ఉపాధ్యాయులను కలవరపరిచింది. పదవీ విరమణకు ఐదేళ్లకు పైగా సర్వీసు మిగిలి ఉన్నవారంతా రెండేళ్లలోగా టెట్ ఉత్తీర్ణులు కావాలని న్యాయస్థానం స్పష్టం చేసింది. ఇరవై ఏళ్లుగా పాఠాలు చెబుతున్నవారు మళ్లీ పుస్తకాలు తెరవక తప్పని పరిస్థితి ఏర్పడింది. ఉపాధ్యాయ సంఘాల అభ్యంతరాలు ఎలా ఉన్నా, ఇందులో ఒక విషయం ఆలోచించదగింది. పరీక్ష కోసం తిరిగి చదివే శ్రమ ఎలాగూ తప్పనప్పుడు, ఆ చదువు బిట్లు బట్టీపట్టడంగా ముగియాలా, లేక తరగతి గదిలో పిల్లవాడికి ఉపయోగపడే విద్యగా మారాలా అన్నది ప్రభుత్వాలు తేల్చుకోవలసి ఉంది.

ఇతర దేశాల్లో ఇలా..

అమెరికాలో పఠన నిపుణుడు అనేది గుర్తింపు పొందిన వృత్తి. ఉదాహరణకు టెక్సాస్ రాష్ట్రంలో ఈ ధ్రువపత్రం కావాలంటే స్నాతకోత్తర పట్టా, కనీసం రెండేళ్ల బోధనానుభవం, రాష్ట్రం నిర్వహించే పరీక్షలో ఉత్తీర్ణత ఉండాలి. 1956లో అంతర్జాతీయ పఠన సంఘంగా ఏర్పడి 2015లో అంతర్జాతీయ అక్షరాస్యత సంఘంగా పేరు మార్చుకున్న సంస్థ ఇలాంటి నిపుణుల తయారీకి ప్రమాణాలు రూపొందించింది. పుస్తక జ్ఞానంతోపాటు, వెనుకబడిన పిల్లలతో పర్యవేక్షణలో పనిచేసి చూపడం ఆ ప్రమాణాల్లో కీలకం. 2000లో వెలువడిన అక్కడి జాతీయ పఠన నిపుణుల కమిటీ నివేదిక ధ్వని స్పృహ, అక్షర-ధ్వని సంబంధం, ధారాళత, పదసంపద, అవగాహన అనే ఐదు అంశాలను ముఖ్యమైనవిగా గుర్తించింది.

పేద రాష్ట్రమైన మిసిసిపి అనుభవం మనకు దగ్గరగా ఉంటుంది. 2013లో నాలుగో తరగతి పఠనంలో ఆ రాష్ట్రం దేశంలో 49వ స్థానంలో ఉండేది. ఆ ఏడాది చట్టం తెచ్చి, ఉన్న ఉపాధ్యాయులకు పఠన శాస్త్రంలో దీర్ఘకాల శిక్షణ ఇచ్చారు. వెనుకబడిన పాఠశాలలకు పఠన మార్గదర్శకులను పంపారు. కొత్తగా ప్రాథమిక ఉపాధ్యాయులు కాదలచినవారికి పఠన బోధనపై పరీక్ష తప్పనిసరి చేశారు. 2024 నాటికి ఆ రాష్ట్రం 9వ స్థానానికి ఎగబాకింది. మూడో తరగతిలో చదవలేనివారిని అదే తరగతిలో ఉంచే నిబంధన కూడా అందులో ఉంది. దానిపై అక్కడ వాదోపవాదాలున్నాయి. అయినా శిక్షణ, మార్గదర్శకత్వం, అర్హత పరీక్ష అనే మూడింటినీ ఒకే తాటిపైకి తేవడం వల్ల వచ్చిన మార్పును చాలామంది గుర్తిస్తున్నారు.

న్యూజిలాండ్‌ది ఇంకో పాఠం. అక్కడి మేరీ క్లే 1970లలో రూపొందించిన 'రీడింగ్ రికవరీ' పద్ధతిలో ఏడాదిపాటు శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు వెనుకబడిన పిల్లవాడితో రోజూ అరగంట చొప్పున 12 నుంచి 20 వారాలు ఒంటరిగా పనిచేస్తాడు. ప్రపంచమంతా మెచ్చుకున్న ఆ పద్ధతిపై కాలక్రమంలో విమర్శలు వచ్చాయి. చివరకు 2025 నుంచి న్యూజిలాండ్ అక్షర-ధ్వని సంబంధాన్ని క్రమపద్ధతిలో బోధించే విధానానికి మళ్లింది. నిపుణుడికి ధ్రువపత్రం ఇవ్వడంతో పని పూర్తికాదని, పరిశోధన మారినకొద్దీ ఆ ధ్రువపత్రంలోని సారమూ మారాలని ఇది తెలుపుతోంది.

మనకు అనుభవం లేకపోలేదు

ఈ విద్యలో తెలుగు నేలకు అనుభవం లేదనడం సరికాదు. మదనపల్లె సమీపంలోని ఋషి వ్యాలీ గ్రామీణ బడుల్లో రూపుదిద్దుకున్న మెట్ల పద్ధతి, పిల్లవాడు తన వేగంతో కార్డుల సాయంతో ముందుకు సాగే ఏర్పాటు, కర్ణాటకలో 'నలి-కలి'గా విస్తరించింది. ఇంటిలోని మన దీపం పొరుగింట వెలిగింది. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో గోండి, కోయ, కొలామి, కువి, కొండ, సవర, ఆదివాసీ ఒడియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో 240 పాఠశాలలతో బహుభాషా విద్యా కార్యక్రమం మొదలైంది. పిల్లవాడి ఇంటి భాష నుంచి తెలుగుకు వంతెన వేయవచ్చని అది చూపింది. తెలంగాణ 2022లో 'తొలిమెట్టు' పేరిట ప్రాథమిక తరగతుల్లో చదవడం, రాయడం, లెక్కలపై ప్రత్యేక కార్యక్రమం చేపట్టింది. మన రాష్ట్రం 2020లో 'వియ్ లవ్ రీడింగ్' ఉద్యమాన్ని నడిపింది.

అధ్యయన కోర్సుల విషయంలోనూ కొన్ని అడుగులు పడ్డాయి. హైదరాబాద్‌లోని టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ప్రాంగణంలో టాటా ట్రస్టుల తోడ్పాటుతో తొలి అక్షరాస్యతపై ప్రత్యేక విభాగం పనిచేసి, ఉపాధ్యాయ శిక్షకులకు ధ్రువపత్ర కోర్సు నిర్వహించింది. 2015లో ఏర్పడిన లాంగ్వేజ్ అండ్ లెర్నింగ్ ఫౌండేషన్ ప్రధానంగా హిందీ రాష్ట్రాల్లో ఇలాంటి కోర్సులు నడుపుతోంది. అయితే వీటిలో చేరినవారికి పదోన్నతిలోగాని, నియామకంలోగాని, వేతనంలోగాని అదనంగా లభించేదేమీ లేదు. ఆసక్తి ఉన్నవారు నేర్చుకున్నారు, వ్యవస్థ యథాతథంగా ఉండిపోయింది. కార్యక్రమాల సంగతీ అంతే. అధికారి మారగానే పేరు మారుతుంది, కొత్త మాడ్యూలు వస్తుంది, పాత కార్డులు బీరువాలో చేరతాయి. నైపుణ్యం వ్యక్తిలో, పోస్టులో స్థిరపడనంతకాలం ఈ వరస మారదు.

ప్రత్యేక ఉపాధ్యాయుల దారి

పోస్టు ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి దూరం వెళ్లనక్కరలేదు. దివ్యాంగ విద్యార్థులకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయుల ఉదాహరణ కళ్లముందే ఉంది. 1992లో భారత పునరావాస మండలి చట్టం వచ్చింది. అర్హత కోర్సులు, రిజిస్ట్రేషన్ ఏర్పడ్డాయి. 2021 అక్టోబరు 28న సుప్రీంకోర్టు ప్రాథమిక స్థాయిలో పది మంది దివ్యాంగ విద్యార్థులకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలన్న నిష్పత్తిని నిర్దేశించింది. తెలంగాణ డీఎస్సీ-2024లోని 11,062 పోస్టుల్లో ప్రత్యేక విద్యకు 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు కేటాయించారు. మన రాష్ట్రం 2025లో 2,260 ప్రత్యేక ఉపాధ్యాయ పోస్టులు మంజూరు చేసింది. ముందు ప్రమాణం, తర్వాత కోర్సు, ఆ తర్వాత నిష్పత్తి, చివరకు పోస్టు. దాదాపు మూడు దశాబ్దాలు పట్టినా దారి పడింది. పఠన బోధన విషయంలో మొదటి అడుగైన ప్రమాణమే ఇంకా లేదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం నిర్దిష్ట అభ్యసన వైకల్యాలను కూడా గుర్తించింది. అంటే తెలివితేటల్లో లోటు లేకపోయినా చదవడంలో తీవ్రంగా ఇబ్బందిపడే పిల్లలకు చట్టపరమైన రక్షణ ఉంది. కానీ ఆ ఇబ్బంది వైకల్యం వల్లనా, వలస వల్లనా, బోధన లోపం వల్లనా అని విడమరచి చెప్పగలవారు తరగతి గదికి దగ్గరలో లేకపోతే ఆ హక్కు కాగితానికే పరిమితమవుతుంది.

పట్టా ఒక్కటే చాలదు

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. కొత్త కోర్సు అనగానే కొత్త కళాశాలలు, కొత్త ఫీజులు, హాజరు లేని విద్యార్థులు పుట్టుకొచ్చే ప్రమాదం ఉంది. బీఈడీ విషయంలో ఈ జాడ్యం తెలుగు రాష్ట్రాలు చూసినదే. పైగా పట్టాకూ ఫలితానికీ నేరుగా లంకె ఉంటుందన్న హామీ లేదు. 2005 నుంచి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామీణ పాఠశాలల్లో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ జరిపిన అధ్యయనంలో, సాధారణ పరిస్థితుల్లో ఉపాధ్యాయుల విద్యార్హతకు, శిక్షణకు పిల్లల ప్రగతితో చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. అయితే పిల్లల ప్రగతికి ప్రోత్సాహకం జతచేసిన బడుల్లో ఎక్కువ చదువు, శిక్షణ ఉన్న ఉపాధ్యాయులు మెరుగైన ఫలితాలు సాధించారు. శిక్షణ వృథా కాదని, దాన్ని వినియోగించే పరిస్థితి కల్పించాలని దీని సారాంశం.

ఆ పరిస్థితి నేడు ఉందా అన్నది ఉపాధ్యాయులు వేస్తున్న ప్రశ్న. యాప్‌లలో హాజరు, మధ్యాహ్న భోజనం ఫొటోలు, ఎన్నికల విధులు, సర్వేలు తరగతి సమయాన్ని మింగేస్తున్నాయన్న వారి ఆవేదనలో వాస్తవం ఉంది. ఇప్పటికే శిక్షణ తరగతులకు కొదవలేదని, వాటి తర్వాత తరగతి గదికి వచ్చి చేయిపట్టి నడిపించేవారే కరవని వారంటున్నారు. కనుక నెత్తిన మరో ధ్రువపత్రం రుద్దడం పరిష్కారం కాదు. ఇష్టపడి నేర్చుకున్నవారికి సమయం, బాధ్యత, గుర్తింపు ఇవ్వాలి.

జిల్లా నుంచే శ్రీకారం

జాతీయ స్థాయిలో నిబంధనలు మారేవరకు వేచి చూడవలసిన అవసరం లేదు. ఉన్న వనరులతో జిల్లా స్థాయిలో చేయదగినవి చాలానే ఉన్నాయి.

* బి.తాండ్రపాడు డైట్, రాయలసీమ విశ్వవిద్యాలయం కలిసి సర్వీసులో ఉన్న ఎస్జీటీల కోసం ఏడాది కాలపు పఠన బోధన ధ్రువపత్ర కోర్సు ప్రారంభించవచ్చు. కోర్సులో సగం పని అభ్యర్థి తన సొంత బడిలో, వెనుకబడిన ఐదారుగురు పిల్లలతో చేసి చూపాలి. ఆ పిల్లల పఠన ప్రగతే పరీక్ష కావాలి.

* ఉర్దూ మాధ్యమ బడుల కోసం కర్నూలులోని డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం సహకారంతో అదే కోర్సును ఉర్దూలో నడపాలి. సరిహద్దు మండలాలకు కన్నడ పరిజ్ఞానం ఉన్నవారిని ఎంపిక చేయాలి.

* క్లస్టర్ రిసోర్స్ మొబైల్ టీచర్లు ఇప్పటికే బడుల మధ్య తిరుగుతున్నారు. వారి సమయంలో అధిక భాగం నివేదికలకే సరిపోతోంది. నివేదికల భారం తగ్గించి, ధ్రువపత్రం పొందినవారిని క్లస్టర్ పఠన మార్గదర్శకులుగా వినియోగిస్తే కొత్త పోస్టు లేకుండానే పని మొదలవుతుంది.

* సుగ్గి నుంచి తిరిగి వచ్చే పిల్లల కోసం వేసవికి ముందు, బడులు తెరిచిన తర్వాత ప్రత్యేక పఠన శిబిరాలు పెట్టి, ప్రతి పిల్లవాడు ఏ మెట్టు వద్ద ఉన్నాడో నమోదు చేయాలి. సీజనల్ హాస్టళ్లకు ఈ నిపుణులను అనుసంధానించాలి.

* కోర్సు పూర్తిచేసిన ఉపాధ్యాయులకు బదిలీల్లో కొన్ని పాయింట్లు, వేతనంలో ఒక ఇంక్రిమెంటు కల్పిస్తే మారుమూల మండలాల్లో పనిచేసేందుకు ముందుకొచ్చేవారుంటారు.

* రాష్ట్ర స్థాయిలో టెట్ మొదటి పేపరులో తొలి పఠన బోధనకు తగిన మార్కులు కేటాయించాలి. ఎంఈడీలో తెలుగు పఠన బోధనను ప్రత్యేక శాఖగా ప్రవేశపెట్టాలి. శిక్షకులకు శిక్షణ ఇచ్చేవారు తయారయ్యేది అక్కడే.

జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి 2025 ఫిబ్రవరిలో విడుదల చేసిన ముసాయిదా నిబంధనల్లో ఏడాది బీఈడీ, ఏడాది ఎంఈడీ తిరిగి తెరపైకి వచ్చాయి. నాలుగేళ్ల సమీకృత కోర్సులో పునాది దశకు ప్రత్యేక శాఖను ఇదివరకే చేర్చారు. ఉపాధ్యాయ విద్య స్వరూపం మారుతున్న ఈ సంధి సమయంలో పఠన బోధనకు చోటు అడగకపోతే, మరో పదేళ్లదాకా ఆ అవకాశం రాకపోవచ్చు. కోర్సు వ్యవధిపై జరుగుతున్నంత చర్చ కోర్సులో ఏముండాలన్న దానిపై జరగడం లేదు.

నిపుణ్ భారత్ గడువు 2026-27. గడువు ముగిశాక నివేదికలు వస్తాయి, శాతాలు లెక్కగడతారు, మరో పథకానికి మరో పేరు పెడతారు. కౌతాళంలోనో, హొళగుందలోనో మూడో తరగతి దాటిన పాపకు మాత్రం ఆ ఏడాది తిరిగిరాదు. ఆమె వాచకం చదవగలగాలంటే ఆ పాఠాన్ని నేర్పడమెలాగో నేర్చుకున్న గురువు ఆ బడికి చేరాలి. కొత్తగా కొలువుల్లో చేరిన ఉపాధ్యాయుల ముందు ముప్పై ఏళ్ల సర్వీసు ఉంది. వారిలో పఠన నిపుణులను తయారుచేసుకోవడానికి ఇంతకంటే అనువైన తరుణం జిల్లాకు మళ్లీ దొరకదు. విద్యాశాఖ, విశ్వవిద్యాలయాలు, ప్రజాప్రతినిధులు ఈ దిశగా తక్షణం దృష్టి సారించవలసి ఉంది.